ఆన్‌లైన్ గిడ్డంగుల్లో పని: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటరో డిగ్రీయో ముగించి శంషాబాద్, మేడ్చల్ వైపు ఉద్యోగానికి వెళ్దామనుకునే పిల్లలు, వాళ్లను పంపాలా వద్దా అని తేల్చుకోలేని తల్లిదండ్రులు, రాత్రి ఫోనులో ఆర్డర్ పెట్టి మర్నాడు సరుకు అందుకునే వినియోగదారులు అడిగే ప్రశ్నలివి. కొన్నింటికి ఒక్క ముక్కలో జవాబు చెప్పవచ్చు. కొన్నింటికి కుదరదు.

హైదరాబాద్ చుట్టుపక్కల ఈ గిడ్డంగులు ఎక్కడున్నాయి?

దక్షిణాన శంషాబాద్, కొత్తూరు. ఉత్తరాన మేడ్చల్, గుండ్లపోచంపల్లి. పడమట సంగారెడ్డి వైపు. 2015లో అమెజాన్ కొత్తూరులో సుమారు 2.8 లక్షల చదరపు అడుగుల గిడ్డంగి తెరిచింది. అదే ఏడాది ఫ్లిప్‌కార్ట్ గుండ్లపోచంపల్లిలో 2.2 లక్షల చదరపు అడుగులది ప్రారంభించింది. 2017లో శంషాబాద్‌లో అమెజాన్ కట్టినది 4 లక్షల చదరపు అడుగులు. నానక్‌రామ్‌గూడలో 2019 ఆగస్టులో మొదలైన అమెజాన్ భవనాన్ని కూడా చాలామంది గిడ్డంగి అనుకుంటారు. అది కంప్యూటర్ల ముందు కూర్చునే వాళ్ల ఆఫీసు. అక్కడ ఉద్యోగమంటే వేరు, ఇక్కడ ఉద్యోగమంటే వేరు.

ఇక్కడికే ఎందుకు వచ్చాయి?

2008లో విమానాశ్రయం శంషాబాద్‌కు మారడం, నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు రావడం, శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మేడ్చల్ మీదుగా వచ్చి కొత్తూరు మీదుగా దిగడం అందరికీ కనిపించే కారణాలు. అంతగా కనిపించనిది పన్ను. జీఎస్‌టీకి ముందు ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అమ్మితే కేంద్ర అమ్మకం పన్ను పడేది. అందుకని కంపెనీలు రాష్ట్రానికో చిన్న గోడౌను పెట్టుకుని సరుకును సొంత శాఖకే బదిలీ చేసినట్టు చూపించేవి. 2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. చిన్నవాటిని మూసి, నాలుగు రాష్ట్రాలకు అందుబాటులో ఉండే చోట ఒక్కటి పెద్దది కట్టడం లాభసాటి అయింది. హైదరాబాద్ సరిగ్గా అటువంటి చోట ఉంది.

లోపల లక్షల వస్తువుల్లో నా ఆర్డర్ ఎలా దొరుకుతుంది?

లారీ దించి, లెక్క చూసి, సరుకును కంప్యూటర్‌లోకి ఎక్కించే విభాగాన్ని ఇన్‌బౌండ్ అంటారు. అరల్లో పెట్టడం స్టోయింగ్. ఆర్డర్ వచ్చాక అరల్లోంచి ఏరుకొచ్చి ప్లాస్టిక్ డబ్బాలో వేయడం పికింగ్; ఆ డబ్బాను టోట్ అంటారు. అట్టపెట్టెలో పెట్టి టేపు అంటించడం ప్యాకింగ్, ఊళ్లవారీగా విడదీయడం సార్టింగ్. అక్కడి నుంచి సరుకు మీ పేటలోని డెలివరీ కేంద్రానికి వెళ్తుంది.

కొత్తగా చేరినవాళ్లను ఆశ్చర్యపరిచేది స్టోయింగ్. సబ్బులన్నీ ఒకచోట, పుస్తకాలన్నీ ఒకచోట ఉంటాయనుకుని లోపలికి వెళ్తారు. తీరా చూస్తే ఒకే అరలో టూత్‌పేస్టు, ఫోను కవరు, పిల్లల బొమ్మ పక్కపక్కనే ఉంటాయి. ఖాళీ ఎక్కడ కనిపిస్తే అక్కడ పెట్టి, అర మీది బార్‌కోడ్‌ను, వస్తువు మీది బార్‌కోడ్‌ను స్కాన్ చేస్తే చాలు. ఏది ఎక్కడుందో కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. అందులో తెలివి ఉంది. ఒకే రకం వస్తువు పదిచోట్ల ఉంటే పికింగ్ చేసేవాడికి దగ్గరలో ఉన్నదాన్ని చూపించవచ్చు. పక్కపక్కన ఒకే పోలిక వస్తువులు లేకపోతే ఒకదానికి బదులు మరొకటి తీసే పొరపాటు కూడా తగ్గుతుంది.

ఈ పద్ధతికి ఇంకో పర్యవసానం ఉంది. బేగంబజార్‌లో ఏళ్ల తరబడి పనిచేసే దుకాణం కుర్రాడు ఏ సరుకు ఏ మూల ఉందో కళ్లు మూసుకుని చెబుతాడు. ఆ జ్ఞాపకమే అతని ఉద్యోగానికి భరోసా. దీపావళి ముందు మానేస్తానంటే సేఠ్ బతిమాలుకుంటాడు. గిడ్డంగిలో ఆ జ్ఞాపకమంతా కంప్యూటర్‌ది. మనిషి తెలుసుకోవలసింది స్కానర్ చూపిన చోటికి నడవడమే, దానికి కొద్ది రోజుల శిక్షణ చాలు. ఉద్యోగం తేలిగ్గా దొరకడానికీ, తేలిగ్గా పోవడానికీ కారణం ఇదే.

అక్కడున్న సరుకంతా ఆ కంపెనీదేనా?

చాలా భాగం కాదు. విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ సంత సొంతంగా సరుకు కొని వినియోగదారులకు అమ్మకూడదని మన నిబంధన. 2016లో స్పష్టం చేసి, 2018 డిసెంబరులో బిగించి, 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలు చేశారు. కాబట్టి కాగితాల మీద సరుకు విక్రేతలది. కంపెనీ చోటిచ్చి, సర్ది, పంపి, రుసుము తీసుకుంటుంది. బిల్లు మీద ఎవరిదో తెలియని దుకాణం పేరు కనిపించేది అందుకే.

నేను చేరితే ఎవరి ఉద్యోగిని అవుతాను?

ఎక్కువమంది అడగవలసి ఉండీ అడగని ప్రశ్న ఇది. గేటు మీద ఒక పేరుంటుంది, మెడలోని కార్డు మీద ఆ రంగే ఉంటుంది, జీతం మాత్రం ఏదో మ్యాన్‌పవర్ ఏజెన్సీ ఖాతా నుంచి పడుతుంది. కంపెనీ సొంత ఉద్యోగులు కొందరే. మిగతావాళ్లు ఏజెన్సీల మనుషులు. ఒకే వరుసలో పక్కపక్కన నిలబడి ప్యాకింగ్ చేసే ఇద్దరికి వేర్వేరు యజమానులు ఉండవచ్చు.

సరుకు విక్రేతది, మనిషి ఏజెన్సీవాడు, గంటకు ఎన్ని వస్తువులు కదలాలన్న లెక్క మాత్రం కంపెనీది. గిడ్డంగిలో ఎదురయ్యే చిక్కుల్లో సగం ఇక్కడే పుడతాయి. జీతం తగ్గిందంటే ఏజెన్సీని అడగమంటారు. ఏజెన్సీని అడిగితే హాజరు లెక్క కంపెనీ నుంచి వచ్చిందంటారు. చట్టానికి ఈ దాగుడుమూతలు కొత్త కావు. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం కాలం నుంచి ఉన్న సూత్రం ఒకటే: కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న ప్రధాన యజమాని చెల్లించాలి, తర్వాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలి. పాత చట్టాల స్థానంలో 2025లో వచ్చిన కొత్త కార్మిక స్మృతిలోనూ ఆ సూత్రం ఉంది. తాగునీరు, మరుగుదొడ్లు, విశ్రాంతి గది వంటి వసతుల బాధ్యతను కొత్త స్మృతి నేరుగా ప్రధాన యజమాని మీదే పెట్టింది.

ఉద్యోగం ఇప్పిస్తామని ఎవరో డబ్బు అడుగుతున్నారు. ఇవ్వాలా?

వద్దు. యూనిఫాం అన్నా, శిక్షణ అన్నా, డిపాజిట్ అన్నా ఇవ్వకండి.

జీతం ఎంత ఉంటుంది?

ప్రకటనలో కనిపించే అంకె, చేతికొచ్చే అంకె ఒకటి కావు. పీఎఫ్ (భవిష్య నిధి) కింద మీ వాటా 12 శాతం, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కింద 0.75 శాతం కోత ఉంటుంది. యజమాని ఈఎస్ఐకి 3.25 శాతం, పీఎఫ్‌కు మరో 12 శాతం వేయాలి. కొన్ని ఏజెన్సీలు యజమాని వాటాను కూడా కలిపి జీతం పెద్దదిగా చూపిస్తాయి. నెల జీతం 15,000 దాటితే తెలంగాణలో వృత్తి పన్ను 150 రూపాయలు, 20,000 దాటితే 200. అందుకే చేరేముందు ఒక్క ప్రశ్న సూటిగా అడగండి: కోతలన్నీ పోయాక ఖాతాలో ఎంత పడుతుంది?

ఇతర రాష్ట్రాల సంగతి తెలియాలంటే, 2024లో హర్యానాలోని మానేసర్ గిడ్డంగి కార్మికుడి నెల జీతం 10,088 రూపాయలని పత్రికల్లో వచ్చింది. రోజుకు పది గంటలు, వారానికి ఐదు రోజుల పనికి అది ప్రతిఫలం. కనీస వేతనాలను ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నిర్ణయిస్తుంది కాబట్టి ఇక్కడి అంకె వేరు.

బోనస్ గురించి ఎవరూ చెప్పరు. ఏడాదిలో కనీసం 30 రోజులు పనిచేసి, జీతం 21,000 దాటకపోతే 8.33 శాతం బోనస్‌కు హక్కుంది. పండుగ సీజన్‌లో రెండు నెలలు చేసి మానేసినవాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఏజెన్సీ తనంతట తాను ఫోను చేసి ఇస్తుందని మాత్రం ఆశించకండి.

ఎన్ని గంటల పని?

విరామాలతో కలిపి పది గంటల షిఫ్టు, వారానికి ఐదు రోజులు అనే పద్ధతి పెద్ద గిడ్డంగుల్లో కనిపిస్తుంది. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవడానికి అనుమతించింది. వారానికి 48 గంటలు దాటకూడదు, దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి, మూడు నెలల్లో ఓవర్‌టైమ్ 144 గంటలు మించకూడదు, ఆరు గంటల తర్వాత కనీసం అరగంట విరామం ఇవ్వాలి. ఓవర్‌టైమ్‌కు మామూలు రేటుకు రెట్టింపు.

కాగితం మీద పది గంటలే. షాద్‌నగర్ నుంచో పాతబస్తీ నుంచో కంపెనీ బస్సులో వచ్చే మనిషికి రాకపోకలు, గేటు దగ్గర వరుస కలిపితే రోజులో పదమూడు గంటలు పోవచ్చు. ఆ పది గంటల్లో కూర్చునే సమయం విరామంలో తప్ప ఉండదు. ఐదు రోజుల పనే కదా అని చేరినవాళ్లు ఆరో రోజు దేనికి సరిపోతుందో త్వరలోనే తెలుసుకుంటారు: నిద్రకు.

రేటు, టార్గెట్ అంటే ఏమిటి? చేరుకోకపోతే తీసేస్తారా?

గంటకు ఎన్ని వస్తువులు స్కాన్ చేశారన్నదే రేటు. మీ చేతిలోని స్కానర్ వస్తువును లెక్కపెడుతుంది, దాంతోపాటే మిమ్మల్నీ లెక్కపెడుతుంది. రెండు స్కాన్‌ల మధ్య ఎడం పెరిగితే అది ఖాళీ సమయంగా నమోదవుతుంది. మీరు పై అరలో దొరకని వస్తువు కోసం వెతుకుతున్నారా, బరువైన పెట్టెను ఒంటరిగా దించుతున్నారా, మంచినీళ్లకు వెళ్లారా అన్నది దానికి పట్టదు. టీమ్ లీడర్ వచ్చి అడిగితే చెప్పుకోవాలి. ఆయన వినే మనిషైతే సరే.

ఈ లెక్క ఎంత సూక్ష్మమో ఫ్రాన్స్‌లో బయటపడింది. అక్కడి సమాచార రక్షణ సంస్థ 2023 డిసెంబరులో అమెజాన్ గిడ్డంగుల విభాగానికి 3.2 కోట్ల యూరోల జరిమానా విధించింది. స్కానర్ పది నిమిషాలు ఆగితే ఒక గుర్తు, ఒకటి నుంచి పది నిమిషాలలోపు ఆగితే ఇంకొకటి. విచిత్రమేమిటంటే, రెండు స్కాన్‌ల మధ్య 1.25 సెకన్ల కంటే తక్కువ ఉంటే మరీ వేగంగా చేస్తున్నారని అదీ తప్పే. నెమ్మది కుదరదు, తొందర కుదరదు. కాలిఫోర్నియాలో 2022 జనవరి 1 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం టార్గెట్ ఎంతో కార్మికుడికి రాతపూర్వకంగా చెప్పాలి. భోజన విరామానికీ మరుగుదొడ్డికీ అడ్డొచ్చే టార్గెట్ పెట్టకూడదు. ఆ చట్టం కింద 2024లో రెండు అమెజాన్ గిడ్డంగులకు కలిపి 59 లక్షల డాలర్ల జరిమానా పడింది.

మన దేశంలో గిడ్డంగి టార్గెట్ల కోసం ప్రత్యేకంగా అటువంటి చట్టం లేదు. కాబట్టి తీసేస్తారా అన్నదానికి నిజాయితీగల జవాబు: తీసేశామని ఎవరూ నోటితో చెప్పనక్కర్లేదు. ఏజెన్సీ వచ్చే వారం షిఫ్టు వేయదు, లేదా గేటు దగ్గర కార్డు పనిచేయదు. అలా జరిగితే కారణం రాతలో అడగండి. వాట్సాప్‌లో అడిగినా ఒక ఆధారం మిగులుతుంది.

మరుగుదొడ్డికి వెళ్లనివ్వరని విన్నాం. నిజమేనా?

2024 వేసవిలో ఉత్తర భారతం ఎండకు మాడుతున్నప్పుడు మానేసర్‌లోని అమెజాన్ గిడ్డంగిలో, 24 అడుగుల ట్రక్కులు ఆరు దించేదాకా నీళ్లకు గానీ మరుగుదొడ్డికి గానీ వెళ్లబోమని కార్మికుల చేత ప్రమాణం చేయించారని వార్తలు వచ్చాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంతట తానుగా ఆ విషయం చేపట్టి కేంద్ర కార్మిక శాఖకు నోటీసు ఇచ్చింది. అన్ని గిడ్డంగుల్లోనూ ప్రమాణాలు చేయిస్తారని దీని అర్థం కాదు. మామూలుగా ఎవరూ వెళ్లవద్దని అనరు. మరుగుదొడ్డి అవతలి చివర ఉంటుంది, వెళ్లి రావడానికి పది నిమిషాలు, స్కానర్ ఆగిపోయి ఉంటుంది. మిగతాది మనిషే లెక్క వేసుకుని నీళ్లు తాగడం తగ్గిస్తాడు. నన్నడిగితే ఆ ప్రమాణం కంటే ఇదే ప్రమాదకరం, ఎందుకంటే దీని మీద ఎవరికీ నోటీసు పంపలేం.

గేటు దగ్గర తనిఖీకి పట్టే సమయానికి జీతం ఇస్తారా?

సాధారణంగా ఇవ్వరు. అమెరికాలో నెవాడాలోని అమెజాన్ గిడ్డంగుల కార్మికులు రోజూ ఇరవై అయిదు నిమిషాల దాకా తనిఖీ వరుసలో పోతోందని కోర్టుకెక్కారు. ఆ దావా కూడా అమెజాన్ మీద కాదు, వాళ్లను పెట్టుకున్న ఏజెన్సీ మీద. 2014 డిసెంబరులో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ సమయానికి జీతం అక్కర్లేదని తేల్చింది. ఇక్కడ కూడా షిఫ్టు ముగిశాక వరుసలో నిలబడే సమయం మీదే అనుకుని చేరండి. ఫోను చాలాచోట్ల లోపలికి అనుమతించరు; అత్యవసరమైతే ఫోను చేయడానికి ఏజెన్సీ సూపర్‌వైజర్ నంబరు ఇంట్లోవాళ్లకు ఇచ్చి ఉంచండి.

అమ్మాయిలకు రాత్రి షిఫ్టు వేయవచ్చా?

వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే. ఇంటి నుంచి తీసుకొచ్చి దింపే వాహనం, భద్రత కల్పించడం యజమాని బాధ్యత. మెయిన్ రోడ్డు మీద దింపి వెళ్లిపోతే ఆ బాధ్యత తీరనట్టే.

దెబ్బ తగిలితే, జబ్బు చేస్తే?

నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ ఉండాలి. కార్డు నంబరు మొదటి నెలలోనే తీసుకోండి. దెబ్బ తగిలాక ఏజెన్సీ చుట్టూ తిరగడం కష్టం. నగరంలో పెద్ద ఆసుపత్రి సనత్‌నగర్ ఈఎస్ఐ. పనిలో దెబ్బ తగిలి కొన్నాళ్లు పని చేయలేకపోతే, చేరిన మొదటి రోజే అయినా సరే, జీతంలో దాదాపు 90 శాతం వస్తుంది. పనికి వస్తూ పోతూ జరిగే ప్రమాదానికీ ఇది వర్తిస్తుంది. నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి మాత్రం ఫలానా రోజున ఫలానా పెట్టె వల్ల వచ్చిందని చూపించడం కష్టం. గిడ్డంగిలో ఎక్కువమందికి వచ్చేది అవే.

మామూలు జబ్బుకు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. ఇక్కడ పండుగ సీజన్ వాళ్లకు ఒక గోతి ఉంది. ఈఎస్ఐ ఏడాదిని ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని రెండుగా చూస్తుంది. మొదటిసారి ఈఎస్ఐలో చేరినవాళ్లకు కొంత సడలింపు ఉన్నా, మామూలుగా ఒక్కో సగంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. దసరా, దీపావళి అమ్మకాల కోసం ఆగస్టు మధ్యలో చేర్చుకుని నవంబరు మధ్యలో పంపేస్తే మూడు నెలలు పనిచేసినట్టే, కానీ సెప్టెంబరు 30 దగ్గర రెండు ముక్కలై ఏ సగంలోనూ 78 నిండదు. చందా కోస్తారు, ఈ నగదు సాయం రాకపోవచ్చు. కుట్ర అనను, కానీ దీన్ని సరిచేయాలని ఎవరికీ తొందర ఉన్నట్టు లేదు.

రోబోలు వచ్చి ఈ ఉద్యోగాలు పోతాయా?

అమెజాన్ 2012లో కీవా అనే రోబోల కంపెనీని 77.5 కోట్ల డాలర్లకు కొంది; 2025 నాటికి ప్రపంచవ్యాప్తంగా తన గిడ్డంగుల్లో రోబోలు పది లక్షలకు చేరాయని ప్రకటించింది. మన దగ్గర కన్వేయర్లు, సార్టింగ్ యంత్రాలు వచ్చినా నడిచి ఏరుకొచ్చేది ఎక్కువగా మనిషే. రోబో ధరకూ మనిషి జీతానికీ ఉన్న తేడా అలా ఉంచుతోంది.

డెలివరీ చేసేవాళ్లు, గిడ్డంగివాళ్లు ఒకటేనా?

చట్టం దృష్టిలో కాదు. గిడ్డంగిలోని ఏజెన్సీ మనిషి కార్మికుడు. పీఎఫ్, ఈఎస్ఐ, కనీస వేతనం హక్కు. ఆర్డరుకింత అని సొంత బండి మీద తిరిగేవాళ్లు గిగ్ వర్కర్లు. వాళ్ల కోసం తెలంగాణ 2023 డిసెంబరులో 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది, 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లు విడుదల చేసింది. కేంద్ర స్మృతి ప్రకారం ప్లాట్‌ఫాం కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం వాళ్ల సామాజిక భద్రతకు ఇవ్వాలి.

కొత్త కార్మిక స్మృతుల వల్ల మాకేం మారింది?

29 పాత చట్టాల స్థానంలో నాలుగు స్మృతులు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చాయి. మీకు అక్కరకొచ్చేవి: ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలి, ఉద్యోగం మానేసినా తీసేసినా రెండు పనిదినాల్లో జీతం బకాయి తీర్చాలి, నిర్ణీత కాలానికి నేరుగా తీసుకున్నవారికి ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ (చేసిన సర్వీసుకు చివర్లో ఇచ్చే మొత్తం). కార్మికులకు గిట్టనివీ ఉన్నాయి. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు ఇదివరకు 20 మంది ఉంటే వర్తించేవి, ఇప్పుడు 50 మంది ఉండాలి. పెద్ద ఏజెన్సీకి ఇది లెక్కలోకి రాదు. చిన్న ఉపగుత్తేదారులకు తప్పించుకునే దారి.

సంఘం పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, అది హక్కు. న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలాండ్ గిడ్డంగి కార్మికులు 2022 ఏప్రిల్ 1న 2,131కి 2,654 ఓట్లతో సంఘాన్ని గెలిపించుకున్నారు. మన దగ్గర ఒకే కప్పు కింద అరడజను ఏజెన్సీలు ఉంటే ఎవరితో బేరమాడాలో తేలడమే పెద్ద పని. పైగా ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు, మహబూబ్‌నగర్ పల్లెల వాళ్లు ఒకరి భాష ఒకరికి అర్థమయ్యేలోపే సీజన్ అయిపోతుంది.

నేను ఆర్డర్లు మానేస్తే వాళ్లకు మేలు జరుగుతుందా?

మీరొక్కరు మానేస్తే ఏమీ జరగదు. అందరూ మానేస్తే ముందు షిఫ్టులు పోయేది వాళ్లకే. రేపటికే కావాలన్న అవసరం లేని వస్తువుకు ఆలస్యంగా వచ్చే డెలివరీ ఎంచుకోవచ్చు. దానివల్ల టార్గెట్లు తగ్గుతాయని మాత్రం నేను మాట ఇవ్వను.

మానేశాక పీఎఫ్ డబ్బు ఎలా?

ఏజెన్సీలు మారినా యూఏఎన్ నంబరు (పీఎఫ్‌లో మనిషికి ఇచ్చే శాశ్వత నంబరు) ఒక్కటే ఉండాలి. కొత్త ఏజెన్సీ ఇంకో నంబరు తెరవబోతే పాతది చూపించండి. ఆధార్‌లో పేరు, పీఎఫ్‌లో పేరు అక్షరం తేడా లేకుండా సరిచూసుకోండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న దగ్గరే ఎక్కువ దరఖాస్తులు తిరిగివస్తాయి. ఏజెన్సీ మీ చివరి తేదీ నమోదు చేయకపోతే, ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత పోర్టల్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు. సహాయానికి 14470, లేదా బర్కత్‌పురాలోని పీఎఫ్ కార్యాలయం.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

జీతం, ఓవర్‌టైమ్, బోనస్ విషయాలకు మీ జిల్లా కార్మిక శాఖ అధికారి దగ్గర. రాష్ట్ర కార్యాలయం ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గరి అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఉంది. ఫిర్యాదులో ఏజెన్సీ పేరుతో పాటు గిడ్డంగి నడిపే కంపెనీ పేరునూ తప్పకుండా రాయండి, లేకపోతే ప్రధాన యజమాని జారుకుంటాడు. ఉచిత న్యాయ సహాయానికి 15100.

ఫోను లోపలికి తీసుకెళ్లనివ్వరు కాబట్టి, వచ్చిన సమయం, వెళ్లిన సమయం రోజూ బస్సులోనే చిన్న పుస్తకంలో రాసుకోండి. జీతం పడిన బ్యాంకు మెసేజ్‌లు చెరపకండి. ఏజెన్సీ పేరు మారిన ప్రతిసారీ కొత్త నియామక పత్రం అడిగి తీసుకోండి, పాతదాన్ని కూడా దాచుకోండి.